మారేడుమిల్లి ఒక్కరోజు సైకిల్ యాత్రను ఎందుకు ఆపేశామంటే

రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లికి వెళ్లి అదే రోజు తిరిగివచ్చే సైకిల్ యాత్రను ఈ సీజను నుంచి నిలిపివేశాము. మా దగ్గర ఎక్కువ మంది అడిగేదీ, షాపుకు ఎక్కువ ఆదాయం తెచ్చిందీ అదే కాబట్టి కారణం దాచకుండా చెప్పవలసిన బాధ్యత మాకు ఉంది. గత ఫిబ్రవరి చివరివారంలో జరిగిన యాత్రలో ఒక కస్టమరు మారేడుమిల్లి నుంచి దిగివచ్చేటప్పుడు మలుపులో కంకర మీద జారి పడ్డారు. ఆయన కాలర్ ఎముక విరిగింది. అప్పటికి మాకున్న ఒకే ఒక వ్యాను వెనకబడిన మరో ఇద్దరి కోసం పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఆగి ఉంది. ఆ మలుపు దగ్గర ఫోను సిగ్నలు లేదు. దారిన పోతున్న ఒక జీపువారు ఆయనను రంపచోడవరం చేర్చే వరకు మా వైపు నుంచి ఎవరూ ఆయన దగ్గర లేరు. ఆయన ఇప్పుడు కోలుకున్నారు, మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అయినా తప్పు మాదే.

మలుపులో కంకర ఉండటం ఎవరి చేతిలోనూ లేదు కదా అని కొందరు మిత్రులు ఓదార్చారు. ఆ ఓదార్పును మేము ఒప్పుకోలేకపోయాము. షాపుకు వచ్చి పాత కాగితాలు ముందు పెట్టుకుని కూడికలు వేసి చూస్తే, ఆ యాత్ర మొదటి నుంచీ తప్పుడు లెక్క మీద నడిచిందని తేలింది. కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. రానూ పోనూ 170. గంటకు 20 కిలోమీటర్ల సగటుతో తొక్కేవారికి సైకిల్ మీదే ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. టిఫిను, భోజనం, పంక్చర్లు, ఫోటోలు అన్నీ కలిపి రెండున్నర గంటలు వేసుకున్నా తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరితే సాయంత్రం 4 గంటలకు ఇల్లు చేరవచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మా దగ్గరకు వచ్చేవారిలో సగం మంది కొండదారిలో 16 కిలోమీటర్ల సగటు దాటలేరు. వారికి తొక్కడానికే పదిన్నర గంటలు పైన పడుతుంది. విరామాలు కూడా కలిపితే ఇల్లు చేరేసరికి సాయంత్రం 6 గంటలు దాటిపోతుంది. డిసెంబరులో అయితే అప్పటికే చీకటి పడిపోయి, గోకవరం రోడ్డులో లారీల హెడ్‌లైట్లు కళ్లలో పడుతుంటాయి. నేను వేసిన లెక్క నేను తొక్కే వేగానికి సరిపోయేది. దాన్నే అందరికీ అమ్మాను.

ఈ దారిలో ఒక మోసం ఉంది. కోరుకొండ నరసింహస్వామి కొండ పక్కగా గోకవరం వరకు రోడ్డు దాదాపు చదునుగా సాగుతుంది. తెల్లవారుజామున చల్లగాలికి కాళ్లు వాటంతట అవే తిరుగుతున్నట్టు అనిపించి, కొత్తవారు గంటకు 27, 28 కిలోమీటర్ల వేగంతో లాగించేస్తారు. గోకవరం దాటి అడవి మొదలైన తరువాత ఎత్తుపల్లాలు వరుసగా వస్తాయి. రంపచోడవరం దగ్గర భూపతిపాలెం జలాశయం చూసి సేదతీరి మళ్లీ ఎక్కేసరికి తొడలు బిగుసుకుంటాయి. మారేడుమిల్లిలో బొంగులో చికెన్‌తో కడుపునిండా భోజనం చేసి, మధ్యాహ్నం ఎండలో అదే దారిన వెనక్కి దిగాలి. దిగుడే కదా, సులువు అనుకుంటాము. పడినవారిలో ఎక్కువ మంది దిగుడులోనే పడ్డారు. అలసిన మనిషి భయంతో రెండు బ్రేకులూ ఆపకుండా నొక్కి పట్టుకుంటాడు. రిమ్ బ్రేకులు, అంటే చక్రపు అంచును పట్టి ఆపే బ్రేకులు, ఉన్న సైకిల్‌కు అలా నొక్కితే రిమ్ము కాలిపోయేంత వేడెక్కుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది, చేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఫిబ్రవరిలో జరిగింది అచ్చంగా ఇదే. మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, మలుపులో బ్రేకు వదిలి, తిన్నని దారిలో కొద్దికొద్దిగా నొక్కడం బయలుదేరే ముందు నేర్పవలసిన పని. మేము దాన్ని ఐదు నిమిషాల మాటతో సరిపెట్టాము.

ఇకపై మారేడుమిల్లి యాత్ర రెండు రోజులు ఉంటుంది. మొదటి రోజు ఎక్కి అక్కడే రాత్రి బస చేసి, మరునాడు మంచు విడిచాక, అంటే ఉదయం 7 గంటలు దాటాక, దిగుతాము. ఒక్కో జట్టులో ఎనిమిది మందికి మించి తీసుకోము. జట్టు వెనక వ్యాను, ముందు మోటారు సైకిల్ మీద మెకానిక్ ఉంటారు. సిగ్నలు ఉన్న చోట్లనూ లేని చోట్లనూ గుర్తించి, ప్రతివారూ ఆగి లెక్క చెప్పవలసిన ఏడు స్థలాలు నిర్ణయించాము. ఒకరు రాకపోతే జట్టు కదలదు. దీనికి ముందు మా దగ్గరే 60 కిలోమీటర్ల యాత్ర ఒకటైనా పూర్తి చేసి ఉండాలి. పాత ధర 2,200 రూపాయలు, కొత్త ధర బస, భోజనాలతో కలిపి 5,800. ఇది చిన్న మొత్తం కాదని మాకు తెలుసు. ఇద్దరు మనుషులకు రెండు రోజుల కూలి, వ్యాను డీజిలు, గది అద్దె పోగా మాకు మిగిలేది పాత యాత్రలో మిగిలిన దానికంటే తక్కువే.

మరో మార్పు చాలామందికి నచ్చకపోవచ్చు. ఈ యాత్రను సోమవారం మొదలుపెట్టి మంగళవారం ముగిస్తాము. కార్తీకమాసం వనభోజనాల రోజుల్లోనూ, సంక్రాంతి సెలవుల్లోనూ, శీతకాలపు శని ఆదివారాల్లోనూ ఆ రోడ్డు మీద కార్ల వరుస ఎలా ఉంటుందో చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. మలుపుల్లో ఓవర్‌టేక్ చేసే కారుకు ఎదురుగా సన్నటి టైర్లతో దిగడం నాకు ఇష్టం లేదు. ఉద్యోగస్తులు రెండు రోజులు సెలవు పెట్టవలసి వస్తుంది, అందువల్ల బుకింగులు సగానికి పడిపోవచ్చు. పడిపోనివ్వండి. మారేడుమిల్లి దాటి చింతూరు ఘాట్ వరకు తీసుకువెళ్లమని అడుగుతున్నవారికి కూడా ఇదే జవాబు: లారీలు, బస్సులు తిరిగే ఆ మలుపుల్లోకి మేము ఎవరినీ తీసుకువెళ్లము.

నది వైపు దారులకు వస్తే, తూర్పు గట్టున కాతేరు, తొర్రేడు, సీతానగరం మీదుగా సాగే యాత్ర ఇప్పుడు పురుషోత్తపట్నం దగ్గరే ఆగుతుంది. దేవీపట్నం వరకు వెళ్లిన పాత రోజులను తలుచుకుని ఇప్పటికీ ఫోన్లు చేసేవారున్నారు. పోలవరం ఎగువ కాఫర్ డ్యాము (నిర్మాణం కోసం వేసిన తాత్కాలిక అడ్డుకట్ట) కట్టిన తరువాత ఆ ఊరు వరద నీటిలో మునిగి, జనం తరలిపోవలసి వచ్చింది. మనుషులు ఊరు విడిచిపోయిన చోటికి విహారయాత్ర పేరుతో వెళ్లడం కూడా మాకు సమంజసంగా తోచలేదు. ఈ గట్టు మీద ఇసుక లారీలు తిరుగుతాయి. వాటి నుంచి రాలిన ఇసుక రోడ్డు అంచున మేటవేసి ఉంటుంది, లారీకి దారి ఇవ్వబోయి అంచుకు జరిగితే ముందు చక్రం జారిపోతుంది. అందుచేత ఐదున్నరకు బయలుదేరి తొమ్మిది లోపు తిరిగి వచ్చేస్తాము.

మా దారులన్నింటిలో ఏది మంచిదని నన్ను అడిగితే పడమటి గట్టు అంటాను. 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెన మీదుగా కొవ్వూరు చేరి, తాళ్లపూడి మీదుగా పట్టిసీమ రేవు వరకు వెళ్లి వస్తే మొత్తం అరవై కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది. ఒక పక్క పొగాకు, అరటి, చెరకు తోటలు, మరో పక్క గోదావరి. రేవులో నిలబడితే లంక మీద వీరభద్రస్వామి గుడి, ఎగువన పాపికొండల వైపు నీలంగా కొండల వరుస కనిపిస్తాయి. కొండలనూ నదినీ ఒకే రోజు చూడాలన్నవారికి మారేడుమిల్లి వెళ్లకుండానే ఆ కోరిక ఇక్కడ తీరుతుంది. ఈ మాట నేను రెండేళ్ల క్రితమే చెప్పి ఉండవలసింది, కానీ మారేడుమిల్లి పేరుకున్న గిరాకీ చూసి చెప్పలేదు. శివరాత్రి జాతర రోజుల్లో మాత్రం ఈ దారి వద్దు.

కొత్తగా నేర్చుకునేవారికి ధవళేశ్వరం బ్యారేజీ చుట్టు యథాతథంగా ఉంటుంది. పుష్కరఘాట్ నుంచి ధవళేశ్వరం, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, విజ్జేశ్వరం, కొవ్వూరు, మళ్లీ వంతెన మీదుగా ఇంటికి సుమారు ముప్పై కిలోమీటర్లు. ఇక్కడ ఒక నియమం గట్టిగా పాటిస్తాము. బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయిన రోజు నుంచి, అది ఉపసంహరించేవరకు నదిని ఆనుకుని ఉన్న యాత్రలన్నీ రద్దు, డబ్బు పూర్తిగా వాపసు. నీరు రోడ్డు మీదికి రాకపోయినా, వరద చూడటానికి పిల్లాపాపలతో వచ్చిన జనం, మొక్కజొన్న పొత్తుల బండ్లు, అడ్డదిడ్డంగా ఆపిన మోటారు సైకిళ్ల మధ్య బ్యారేజీ మీద సైకిల్‌కు చోటుండదు. 2027 పుష్కరాల పన్నెండు రోజులూ ఊరిలో మా యాత్రలేవీ ఉండవు. కడియం నర్సరీల దారి, ఆత్రేయపురం కాలువగట్టు దారి మారలేదు, ధరలూ మారలేదు.

సైకిళ్ల విషయంలోనూ ఖర్చు పెట్టాము. కొండకు పంపే ఆరు సైకిళ్లకు వెనక క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల కట్ట) 11–28 పళ్లది తీసి 11–34 పళ్లది వేయించాము. ముందు పెడళ్ల దగ్గరున్న చిన్న పళ్ల చక్రం (చైన్‌రింగు) కూడా 34 పళ్లదే కాబట్టి, గొలుసు వెనక పెద్ద పళ్ల చక్రం మీద ఉన్నప్పుడు పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం ఉండదు కానీ మోకాళ్లు మిగులుతాయి. ఫ్రేములో చోటున్న వాటికి 25 మిల్లీమీటర్ల టైర్లు తీసి 32వి ఎక్కించాము. బ్రేకు ప్యాడ్లను కొండయాత్రకు ముందు మీ ఎదుటే విప్పి చూపిస్తాము, అరిగినవి కనిపిస్తే మార్చమని మీరు అడగవచ్చు.

మార్చి యాత్రకు ముందుగా డబ్బు కట్టిన తొమ్మిది మందికి మొత్తం వాపసు పంపాము. అందులో ఇద్దరి ఖాతా సంఖ్యలు సరిపోక డబ్బు మా ఖాతాకే తిరిగి వచ్చింది, ఫోన్లూ కలవడం లేదు. ఈ ఉత్తరం చదివితే వారు రసీదుతో షాపుకు రావాలి. ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది వరకు తెరిచే ఉంటుంది.