నాలుగు గంటల టీకి ముందు కుర్చీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో లండన్ నగరంలో సాయంత్రం పూట టీ, పేస్ట్రీలు ఆరగించడం గురించి వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. మూడంతస్తుల పళ్లెం, అందులో కింద అంచులు కోసేసిన కీరదోస సాండ్‌విచ్‌లు, నడుమ వేడి వేడి స్కోన్లు, పైన వేలెడంత కేకులు అంటూ రచయిత వర్ణించిన తీరు నోరూరించేలాగే ఉంది. అయితే వ్యాసం మొదటి నుంచి చివరి దాకా పెద్ద హోటళ్ల హాళ్లు దాటి బయటికి రాలేదు. ఆ హాళ్లలో ఒక పూట కూర్చోవడం లండన్‌లో ఉండేవారికి సైతం ఏ పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో తీరే ముచ్చట. నాలుగు గంటల టీని మామూలు జనానికి, ముఖ్యంగా బయటికి వచ్చి ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్లకు అందుబాటులోకి తెచ్చినవి వీధి మలుపుల్లో వెలసిన చౌక టీ దుకాణాలు. వాటి ఊసు వ్యాసంలో లేకపోవడం వల్లా, వాటి కథ మన విజయవాడకు పనికివచ్చేదని నాకు గట్టిగా అనిపించడం వల్లా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ అలవాటు గొప్పింట్లో పుట్టిందన్న మాట నిజమే. విక్టోరియా రాణి కొలువులో ఉన్న బెడ్‌ఫర్డ్ డచెస్ (డ్యూక్ అనే ప్రభువు భార్య) అన్నా 1840 ప్రాంతంలో దీనికి శ్రీకారం చుట్టారని చెబుతారు. పెద్దిళ్లలో రాత్రి భోజనం బాగా పొద్దుపోయాక జరుగుతుండడంతో, మధ్యాహ్నం తిన్న కాస్త తిండి అప్పటిదాకా ఆగక, ఆమె టీ, రొట్టె, వెన్న తన గదికి తెప్పించుకునేవారట. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1839 జనవరిలో, అస్సాం తేయాకు మొదటిసారి లండన్ వేలంపాటకు వచ్చింది. అంతవరకు చైనా ఆకు మీదే ఆధారపడిన ఆ దేశంలో టీ క్రమంగా కూలివాడి ఇంటికి కూడా చేరడంలో మన దేశపు తోటల పాత్ర, ఆ తోటల్లో ఆకు తెంపిన కూలీల చెమట ఎంత ఉందో అలాంటి వ్యాసాల్లో ఒక్క వాక్యంగానైనా రావాల్సింది.

స్కోన్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. మైదా, వెన్న, పాలు, కాస్త బేకింగ్ పౌడరు కలిపి కాల్చే ఈ గుండ్రటి రొట్టె విడిగా తింటే చప్పగానే ఉంటుంది. దానికి రుచి తెచ్చేది క్లాటెడ్ క్రీమ్. వెన్న శాతం ఎక్కువగా ఉన్న మీగడను గంటల తరబడి సన్నని వేడి మీద ఉంచితే పైన పసుపు రంగులో మందపాటి పొర కడుతుంది. అందులో కనీసం 55 శాతం కొవ్వు ఉండాలని అక్కడి నిబంధన. మా అమ్మ దాలిలో కాచిన గేదె పాల మీగడకు అది దగ్గర చుట్టం. స్కోను మీద ముందు క్రీమ్ రాసి ఆపైన జామ్ వేయాలని ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతం వాళ్లు, ముందు జామ్ రాయాలని దాని పక్కనున్న కార్న్‌వాల్ వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. మా అమ్మాయి అక్కడ ఉండగా వెళ్లినప్పుడు రెండు పద్ధతుల్లోనూ తిన్నాను. నాకు తేడా తెలియలేదు.

నాకు గుర్తుండిపోయింది మాత్రం మా అమ్మాయి వాళ్ల పేట పార్కులోని చిన్న కెఫే. పింగాణీ కూజాలో రెండు కప్పుల టీ, పక్కనే చిన్న జగ్గులో పాలు, ఒక కేకు ముక్క పెట్టుకొని, చేతి సంచీని పక్క కుర్చీలో ఉంచి, ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చొని పేపరు చదువుకుంటున్నారు. కప్పు ఖాళీ అయ్యాక కూడా ఎవరూ ఆమెను లేవమనలేదు, బల్ల తుడిచే వంకతో ఎవరూ చుట్టూ తిరగలేదు.

ఆ పెద్దావిడకు దక్కిన ఆ వీలు ఊరికే రాలేదు. పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా లండన్‌లో మగతోడు లేని ఆడమనిషి మర్యాదగా కూర్చొని ఏదైనా తినగల చోట్లు బహు కొద్ది. సారా అమ్మే పబ్బులు మగవాళ్లవి, భోజనశాలలు ఒంటరి ఆడవాళ్లను అనుమానంగా చూసేవి. 1864లో ఎరేటెడ్ బ్రెడ్ కంపెనీ అనే రొట్టెల సంస్థ తన దుకాణంలోనే టీ గది తెరిచింది. 1894లో లయన్స్ కంపెనీ పికడిల్లీ వీధిలో తన మొదటి టీ దుకాణం పెట్టింది. టైపిస్టులు, గుమాస్తాలు, బట్టల కొట్లలో పనిచేసే అమ్మాయిలు కొద్ది పెన్నీలతో శుభ్రమైన బల్ల ముందు కూర్చొని టీ, బన్ను తీసుకోగలిగారు. మహిళలకు ఓటు హక్కు కావాలని పోరాడినవారు కూడా తరచూ టీ గదుల్లోనే కలుసుకొని కార్యక్రమాలు నిర్ణయించుకునేవారు. (మరో ముచ్చట: లయన్స్ కంపెనీ తన కేకులు, రొట్టెల లెక్కలు తేల్చుకోవడానికి సొంతంగా ఒక కంప్యూటరు తయారు చేయించుకుంది. లియో అని పేరు పెట్టిన ఆ యంత్రం 1951లో బేకరీ లెక్కలతోనే పని మొదలుపెట్టింది. వ్యాపార లెక్కల కోసం రోజువారీగా వాడిన తొలి కంప్యూటరు అదే.)

టీ దుకాణంలో కుర్చీ దొరికిన అమ్మాయికి, తను పనిచేసే కొట్లో మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడడం తప్పేది కాదు. దాని మీద ఆందోళన జరిగి, 1899లో బ్రిటన్ పార్లమెంటు ఏకంగా దుకాణ సహాయకుల కుర్చీల చట్టమే చేసింది. ప్రతి ముగ్గురు మహిళా ఉద్యోగులకు కనీసం ఒక ఆసనం ఉండాలని అది నిర్దేశించింది. మన దక్షిణాది రాష్ట్రాలు ఆ దారి పట్టడానికి నూరేళ్లకు పైగా పట్టింది. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలను సవరించాయి. అందుకోసం కేరళలో బట్టల షాపుల మహిళలు ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. సాయంత్రం నాలుగు దాటాక బీసెంట్ రోడ్డులో పది నిమిషాలు నిలబడి చూడండి. బట్టల షాపుల్లో ఉదయం నుంచి చీరలు మడతలు విప్పి, మళ్లీ మడతలు పెడుతూ నిలబడే ఉన్న అమ్మాయిలు ఇద్దరిద్దరుగా బయటికి వస్తారు. సందు మొదట్లోని టీ బండి దగ్గర ఒక చేత్తో వేడి వేడి టీ ఉన్న కాగితం కప్పు, మరో చేత్తో పేపరు ముక్కలో కట్టిన పునుగులు పట్టుకొని, చున్నీ నూనెకు తగలకుండా మోచేత్తో అదుముకుంటూ, హారన్ కొట్టే స్కూటర్లకు దారి ఇస్తూ, నాలుగు గుక్కల్లో టీ ముగించి మళ్లీ నిలబడడానికే లోపలికి పోతారు. బండి పక్కన ఉన్న ఒకే ఒక బెంచీ మీద సిగరెట్లు కాలుస్తూ మగవాళ్లు కూర్చొని ఉంటారు కనుక అటువైపు వీళ్లు కన్నెత్తి కూడా చూడరు. బేకరీల్లోకి వెళ్తే అక్కడా నిలబడి తినే ఎత్తు బల్లలే. ఏసీ కాఫీ షాపుల్లో మెత్తటి సోఫాలు ఉన్నాయి గానీ, అక్కడ ఇద్దరు కాఫీ తాగి కేకు ముక్క తిన్న బిల్లు ఈ అమ్మాయిల ఒక రోజు జీతాన్ని మింగేస్తుంది. 1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సమ్మెకు దిగిన ఆడపిల్లల పక్షాన కలం పట్టిన అనిబిసెంట్ పేరు పెట్టుకున్న వీధిలో ఈ పరిస్థితి ఉండడం నాకు చిన్న విషయంగా తోచడం లేదు.

నేను పేస్ట్రీ దుకాణాలు పెట్టమని అడగడం లేదు. మిరపకాయ బజ్జీకి, ఉల్లి పకోడీకి, అల్లం టీకి ఏ స్కోనూ సాటి రాదని నా అభిప్రాయం. ఆ మాటకొస్తే గుంటూరు వాళ్లు దీని మీద నాకంటే గట్టిగా వాదిస్తారు. అడుగుతున్నది కూర్చునే చోటు. వీధి వ్యాపారుల కోసం కేంద్రం చేసిన 2014 నాటి చట్టం ప్రకారం ఏర్పడే పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. అమ్మకానికి స్థలాలు నిర్ణయించేటప్పుడు టీ, టిఫిన్ బండ్లను నాలుగైదు చొప్పున ఒకచోట చేర్చి, వాటి మధ్య నీడ, సిమెంటు బెంచీలు, తాగునీటి కుళాయి, చెత్తడబ్బా ఉండేలా ఈ కమిటీలే చూడవచ్చు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన నగరం నడిబొడ్డు నుంచే పారుతున్నాయి. గట్ల వెంట చెట్ల నీడ ఉన్న చోట్ల ఇలాంటి ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ కాదు. అక్కడ పొగ తాగడాన్ని నిషేధించి, రాత్రి తొమ్మిది దాకా దీపాలు వెలిగేలా చూస్తే ఆడవాళ్లు, పింఛను తీసుకునే మాలాంటి పెద్దవాళ్లు ధైర్యంగా వచ్చి కూర్చుంటారు. బండివాళ్లకు కూడా దీనివల్ల నష్టం లేదు. నిలబడి తాగేవాళ్లు ఒక్క టీతో వెళ్లిపోతారు గానీ, కూర్చున్నవాళ్లు ప్లేటు బజ్జీలు చెప్పకుండా లేవరు. బట్టల షాపుల యజమానులు మాత్రం చట్టం కోసం ఎదురుచూడకుండా రేపే కౌంటరు వెనక నాలుగు స్టూళ్లు వేయించవచ్చు.

మీ నగర విలేకరులు ఒక పనిదినం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట, వన్‌టౌన్ వీధుల్లో తిరిగి, తక్కువ ధరకు కూర్చొని టీ తాగే చోట్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎంతమంది ఆడవాళ్లు కూర్చొని ఉన్నారో లెక్కగట్టి ప్రచురిస్తే, మా కాలనీ మహిళలం నగరపాలక సంస్థకు ఇవ్వాలనుకుంటున్న వినతిపత్రానికి దాన్ని జతచేస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ.