మూడో శనివారం పేపర్‌లో లిజనింగ్ మార్కులు ఎందుకు రద్దు చేశానంటే

అమ్మలకూ నాన్నలకూ నమస్కారం.

మొన్న శనివారం మన హనుమకొండ సెంటర్‌లో పెట్టిన మూడో ఇంగ్లీషు ప్రాక్టీసు పేపర్‌లో లిజనింగ్ ఆడియో పాడైపోయి వచ్చింది. దాన్ని పూర్తిగా వినకుండా పిల్లల ముందు పెట్టింది నేనే. అందుకే ఆ 30 మార్కులు రద్దు చేశాను. వచ్చే ఆదివారం లిజనింగ్ మళ్లీ పెడతాను. రీడింగ్ మార్కులు అలాగే ఉంటాయి.

ఈ నాలుగు ముక్కలూ వాట్సాప్‌లో పెట్టి ఊరుకోమని ఇంట్లో అన్నారు. నాకు మనసొప్పలేదు. మీలో కొందరు మొదటి బ్యాచ్ నుంచీ నాతో ఉన్నారు. పెద్దపిల్ల అయిపోయాక చిన్నవాణ్ణి కూడా పంపిస్తున్నారు. ఏం జరిగిందో నా నోటి నుంచే మీరు వినాలి.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు మాటలు. మన శనివారం పేపర్‌కి నమూనా చైనా నుంచి తీసుకున్నాను. అక్కడ పన్నెండో తరగతి పిల్లలు జూన్‌లో గావోకావో అనే ప్రవేశ పరీక్ష రాస్తారు. 2024లో కోటీ 34 లక్షల మందికి పైగా దానికి పేర్లిచ్చారు. అందులో ఇంగ్లీషు 150 మార్కులకు, రెండు గంటలు. ముందుగా లిజనింగ్ వస్తుంది: 20 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటిన్నర మార్కు. ఆ వెంటనే రీడింగ్. కొత్త పద్ధతి పేపర్లలో దానికి 20 ప్రశ్నలు, 50 మార్కులు. ఈ రెండు భాగాలనే మనం తీసుకున్నాం. పద్ధతి వాళ్లది, ప్రశ్నలు నేను కూర్చుని రాసినవి.

లిజనింగ్‌లో మొదటి ఐదూ చిన్న సంభాషణలు. ఒక్కసారే వినిపిస్తారు. ఒక్కోదానికి ఒకే ప్రశ్న. జవాబు గుర్తుపెట్టి, తర్వాతి ప్రశ్న చదువుకోవడానికి 10 సెకన్లు ఉంటాయి. తర్వాతి ఐదూ పెద్దవి. వాటిని రెండేసి సార్లు వినిపిస్తారు, వాటి మీద 15 ప్రశ్నలు వస్తాయి. శనివారం గొడవంతా ఈ లెక్క తప్పడంతోనే వచ్చింది.

ఎనిమిదో సంభాషణ ఒకసారి వినిపించింది, అంతే, తొమ్మిదోది మొదలైపోయింది. అది కూడా ఒక్కసారే. మొదటిసారి సారాంశం పట్టుకోండి, రెండోసారి వివరాలు చూసుకోండి అని నాలుగేళ్లుగా పిల్లలకు నేర్పింది నేను. ఆ మాట నమ్మి పెన్సిల్ పక్కన పెట్టి విన్నవాళ్లే ఎక్కువ నష్టపోయారు. 10 నుంచి 16 దాకా ఏడు ప్రశ్నలు అలా పోయాయి. దానికి ముందు మూడో సంభాషణలో ఫిఫ్టీన్ అన్నారో ఫిఫ్టీ అన్నారో తేలలేదు. స్క్రిప్టు రాసిన నాకే, తర్వాత ఇంట్లో మూడుసార్లు విన్నా అర్థం కాలేదు. మొత్తం ఎనిమిది ప్రశ్నలు, 12 మార్కులు. ఆపాలా వద్దా అని నేను తేల్చుకునేలోపే పదో సంభాషణ వచ్చేసింది. తొమ్మిదో తరగతి బాబు ఒకడు చెయ్యెత్తి, నేను పలకకపోయేసరికి దించేసి, తల వంచుకుని రాసుకున్నాడు. ఆ చెయ్యి నేను చూశాను. చూసి కూడా కదల్లేదు.

ఆ సాయంత్రం మన గ్రూపులో ఒక నాన్నగారు "చైనా మాల్ ఇంతే కదా మేడమ్, గ్యారంటీ ఉండదు" అని రాశారు. పద్నాలుగు మంది నవ్వుతున్న బొమ్మ పెట్టారు. ఆయన సరదాగానే అన్నారని తెలుసు. కానీ నాకు గట్టిగా తగిలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పాడైన ఆడియో తయారైంది హైదరాబాద్‌లో. చైనా పేపర్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. ఆ పేపర్ గురించి నాకు తెలిసింది చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

మా ఆయన ఉద్యోగం వల్ల ఆరేళ్లు హాంగ్‌జౌలో ఉన్నాం. అది జెజియాంగ్ రాష్ట్ర రాజధాని. పక్క ఫ్లాట్‌లో ఒక అమ్మాయి ఉండేది. మన పిల్లలు ఆంటీ అన్నట్టు నన్ను "ఆయీ" అని పిలిచేది. వాళ్లమ్మ వంటింట్లోంచి నన్ను చూపించి, వెళ్లి ఆయీతో ఇంగ్లీషు మాట్లాడు అనేది. ఆ పిల్ల నాతో మాట్లాడటానికి సిగ్గుపడేది కానీ, తన పాత పేపర్లన్నీ తెచ్చి నా ముందు పరిచేది. లిజనింగ్ అంటే ఎలా ఉంటుందో చూపించడానికి మొదట వినిపించింది చొక్కా ప్రశ్న. పరీక్ష సూచనల్లో ఉదాహరణగా వచ్చే ప్రశ్న అది. చొక్కా ధర ఎంత? 19 పౌండ్ల 15 పెన్స్, 9 పౌండ్ల 18 పెన్స్, 9 పౌండ్ల 15 పెన్స్. జవాబు మూడోది. ఏళ్ల తరబడి అదే చొక్కా, అదే ధర. చైనాలో హైస్కూల్ చదివిన ఎవరినడిగినా నిద్రలో లేపినా చెప్తారు. మన పేపర్ మొదట్లో వచ్చే జామకాయల ప్రశ్న నేను పెట్టింది దాన్ని చూసే. పిల్లలకు గుండె దడ తగ్గడానికి ఒక తెలిసిన గొంతు, ఒక తెలిసిన ప్రశ్న ముందు ఉండాలి.

ఆ పేపర్లు చదువుతుంటే నాకు నచ్చింది ప్రశ్నలు వేసే తీరు. సంభాషణలో మూడు ఆప్షన్లలోని మాటలూ వినిపిస్తాయి. ఒక మాట చెవిన పడగానే దాన్ని టిక్ పెట్టినవాడు తప్పుతాడు. రీడింగ్‌లో మొదటి పాఠం ఏ మ్యూజియం టికెట్ల వివరాలో, ఏ వేసవి శిబిరం ప్రకటనో అయి ఉంటుంది. చివరిది ఏదో పరిశోధన గురించిన వ్యాసం అవుతుంది. ఆ తర్వాత ఐదు వాక్యాలు తీసేసిన పేజీ ఒకటి ఇచ్చి, కింద ఏడు వాక్యాలు పెడతారు. ఐదు సరిపోతాయి, రెండు మిగిలిపోవాలి. మన పిల్లలు దాన్ని ఏడింట ఐదు అంటారు. గైడ్ బట్టీ పట్టి దాన్ని రాసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ముందు వాక్యం, వెనక వాక్యం చదివి, "అది", "వాళ్లు", "అయినా" లాంటి చిన్న మాటలు ఎటు చూపిస్తున్నాయో పట్టుకోవాలి. ఇంట్లో ఇంగ్లీషు వినపడని, వీధిలో ఇంగ్లీషు వినపడని పిల్లల కోసం తయారైన పరీక్ష అది. మన పిల్లల్లో చాలామందిదీ అదే పరిస్థితి కాబట్టే తెచ్చుకున్నాను.

ఇప్పుడు మార్కుల సంగతి. శనివారం రాత్రి నుంచి మంగళవారం దాకా నేను కొట్టుకున్నది దీని గురించే. మీలో పదిమందికి పైగా ఫోన్ చేసి ఒకటే అడిగారు: అందరికీ 12 మార్కులు కలిపేస్తే పోతుంది కదా మేడమ్, మళ్లీ పరీక్ష ఎందుకు? అడగడం తప్పు కాదు. నేనూ మొదట అదే అనుకున్నాను. ఆ ఎనిమిది ప్రశ్నలు తీసేసి మిగతా 12 ప్రశ్నలకు వచ్చిన మార్కులను 30కి పెంచుదామని కూడా చూశాను. ఆదివారం పొద్దున్న కాగితం మీద లెక్క వేశాను కూడా.

లెక్క వేస్తుంటే ఆ పక్కింటి అమ్మాయి గుర్తొచ్చింది. 2018 నవంబరులో జెజియాంగ్‌లో గావోకావో ఇంగ్లీషు పరీక్ష రాసినవాళ్లలో తనూ ఉంది. అక్కడ ఇంగ్లీషు ఏడాదికి రెండుసార్లు రాయొచ్చు. ఆసారి పేపర్ కష్టంగా వచ్చింది. అధికారులు వెనకటి పరీక్షతో సమానం చేయాలనుకుని రీడింగ్‌లో, రైటింగ్‌లో కొన్ని ప్రశ్నలకు మార్కుల బరువు మార్చారు. నవంబరు 24న మార్కులు వచ్చాయి. తాము వేసుకున్న లెక్కకీ వచ్చిన మార్కులకీ పొంతన లేదని పిల్లలూ తల్లిదండ్రులూ గోల పెట్టారు. మా అంతస్తులో లిఫ్ట్ దగ్గర రోజూ అదే మాట. ఆ పిల్ల తండ్రి నెమ్మదైన మనిషి, అంతకుముందు నేనాయన గొంతు పెద్దగా విన్నది లేదు. విచారణ జరిగింది. డిసెంబరు 5న రాష్ట్ర ప్రభుత్వం ఆ సర్దుబాటు తీసేసి, అందరికీ అసలు మార్కులే ఇవ్వాలని నిర్ణయించింది. అది తీవ్రమైన తప్పుడు నిర్ణయమని వాళ్లే ఒప్పుకున్నారు.

ఆ ఇంటి గొడవను గోడ అవతల నుంచి విన్న మనిషిని నేను. సాయం చేద్దామనుకునే మార్కులు మార్చారు అక్కడ. చివరికి కష్టపడి రాసినవాడూ ఏడ్చాడు, రాయనివాడూ ఏడ్చాడు. మన దగ్గర 12 మార్కులు కలిపితే, ఒక్కసారే విన్నా కంగారుపడకుండా ఆ పోయిన ఏడు ప్రశ్నల్లో ఐదు సరిగ్గా పెట్టిన పిల్ల ఉంది, ఆమె కష్టానికి విలువ ఏముంటుంది? ఉన్న 12 ప్రశ్నలను 30కి పెంచితే, ఎనిమిదో సంభాషణ దగ్గర కంగారుపడి పదో సంభాషణ వినలేకపోయినవాడు ఇంకా ఎక్కువ నష్టపోతాడు. ఏ లెక్క చూసినా ఒకరి జేబులోంచి తీసి ఇంకొకరికి ఇచ్చినట్టే అయింది. అందుకే మార్కులు కలపను. ఎంతమంది అడిగినా కలపను. మొత్తం కొట్టేసి, కొత్త స్క్రిప్టుతో మళ్లీ పెడతాను.

రీడింగ్ విషయంలో మాత్రం నాకు పూర్తి ధైర్యం లేదు. ప్రింట్ సరిగ్గానే ఉంది, టైమూ పూర్తిగా ఇచ్చాను. కానీ లిజనింగ్‌లో బెదిరిన పిల్లలు రీడింగ్ మొదటి పాఠం టెన్షన్‌తోనే చదివి ఉంటారు. కాబట్టి ఆదివారం లిజనింగ్ అయ్యాక కొత్త రీడింగ్ పేపర్ కూడా ఉంచుతాను. ఇష్టమున్నవాళ్లు రాయొచ్చు. రెండింటిలో ఎక్కువ వచ్చిందే తీసుకుంటాను. బీజింగ్‌లో 2018 గావోకావో నుంచి లిజనింగ్‌ను విడిగా రెండుసార్లు పెట్టి, ఎక్కువ వచ్చిన మార్కే లెక్కలోకి తీసుకుంటున్నారు. ఆ పద్ధతి న్యాయంగా అనిపించింది.

ఇక స్టూడియో. పేరు రాయను, రాసి సాధించేదేమీ లేదు. నాలుగేళ్లుగా వాళ్ల దగ్గరే చేయిస్తున్నాను. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు, ఇద్దరూ స్పష్టంగా, మామూలు వేగంతో చదివేవాళ్లు. మన పిల్లలు ఆ ఇద్దరికీ పేర్లు కూడా పెట్టుకున్నారు. ఈసారి బుధవారం రావాల్సిన ఫైల్ గురువారం రాలేదు. శుక్రవారం రాత్రి పదకొండింటికి వచ్చింది. మొదటి రెండు నిమిషాలు విన్నాను. జామకాయల ప్రశ్న పాత రికార్డింగే, బాగానే ఉంది. వాళ్ల మీద నమ్మకంతో పడుకున్నాను. మిగతాది వినడానికి 20 నిమిషాలు కూడా పట్టేది కాదు.

సోమవారం బస్సెక్కి వెళ్లి అడిగాను. చదివే ఆమె రెండు నెలల క్రితమే మానేసిందట. నాకు చెప్పలేదు. స్క్రిప్టును కంప్యూటర్ గొంతుతో చదివించి, విరామాలు చేత్తో అతికించారు. అలా అతికించేటప్పుడే రెండు సంభాషణలు రెండోసారి పెట్టడం మర్చిపోయారు. ఫిఫ్టీన్ అనే మాట చివర కత్తిరించుకుపోయింది. ఇదంతా విని కూడా నేను అరవలేదు. కానీ అక్కడి మనిషి, "పిల్లల ప్రాక్టీసే కదా మేడమ్, ఎవరు గుర్తుపడతారు" అన్నాడు. ఆ మాటతో నాలుగేళ్ల లెక్క తెంపేసుకుని వచ్చాను. గుర్తుపట్టారు. శనివారం బయటికి వస్తూనే ఏడో తరగతి పాప, "ఆంటీ, ఈసారి అక్క గొంతు అక్కది కాదు" అంది. ఆ పాపకున్న చెవి వాళ్లకు లేదు.

కొత్త ఏర్పాటు ఇది. డాలస్‌లో పెరిగిన మన వరంగల్ అమ్మాయి ఒకరు, ఆమె కాలేజీ స్నేహితుడు కలిసి ఇప్పుడు స్క్రిప్టు చదివి రికార్డు చేస్తున్నారు. మన అమ్మానాన్నల్లో ఒకరి ద్వారానే దొరికారు. ఆదివారం ఆడియో ఇప్పటికే వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు విన్నాను, జవాబు కాగితం పట్టుకుని మా అబ్బాయి చేత కూడా రాయించాను. ఇకపై ఫైల్ గురువారం రాత్రికి నా చేతికి రాకపోతే ఆ శనివారం పేపర్ ఉండదు, ఆ వారం ఫీజు తిరిగి ఇస్తాను. ఫీజు మాత్రం పెంచట్లేదు.

పిల్లల్ని మానిపించాలనుకున్నవాళ్లు నలుగురు. మిగిలిన వారాల డబ్బు నలుగురికీ పంపేశాను, వాళ్ల మీద నాకేమీ లేదు. ఇంకెవరికైనా కావాలంటే ఒక్క మెసేజ్ చాలు, కారణం అడగను.

ఒకటి మాత్రం మార్చను. కొందరు అన్నారు, మొదటి ఐదు సంభాషణలు కూడా రెండుసార్లు వినిపిస్తే పిల్లలకు సులువు కదా అని. వినిపించను. బస్టాండ్‌లో, విమానాశ్రయంలో, ఇంటర్వ్యూలో చిన్న మాట ఎవరూ రెండోసారి చెప్పరు. పెద్దవి రెండుసార్లు, చిన్నవి ఒక్కసారి, అది అలాగే ఉంటుంది.

ఆదివారం లిజనింగ్ సరిగ్గా పదింటికి మొదలవుతుంది. గావోకావోలో ఇంగ్లీషుకు 15 నిమిషాల ముందే హాలు తలుపులు మూస్తారు, మధ్యలో ఎవరూ లోపలికి వచ్చి చప్పుడు చేయకుండా. మనమూ అంతే. తొమ్మిది నలభై అయిదుకు గేటు వేస్తాను. ఆ తర్వాత మా అబ్బాయి వచ్చినా తీయను. పెన్సిల్, రబ్బరు, మంచినీళ్లు ఇచ్చి పంపండి. శనివారం చెయ్యెత్తిన బాబును ముందు వరసలో, నా ఎదురుగా కూర్చోబెడతాను.