అన్నిటికీ సర్వర్ డౌనేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో నాది చిన్న నెట్ సెంటర్. ఏ సైటు తెరుచుకోకపోయినా మన పేపర్లు 'సర్వర్ డౌన్', అంటే ఆ సైటు ఉండే అవతలి కంప్యూటరే పడిపోయిందని హెడ్డింగ్ పెట్టేస్తాయి, అది చదివినవాళ్లు నా షాపుకొచ్చి అదే మాట అంటారు, ఇక అప్లికేషన్లకు ఆఖరి రోజైతే ఆ టెన్షనంతా నామీదే.

మొన్నొకాయన కూతురి కౌన్సెలింగ్ ఫీజు కట్టడానికి వచ్చారు. వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, సైటు మాత్రం రాలేదు. "సర్వర్ డౌనంట కదా, రేపొస్తాలే" అని లేచారు. ఆగండి సార్ అని చూస్తే పోయింది డీఎన్ఎస్. మా పేటలో ఇంటాయన పేరు చెబితే ఆటో అతనికి ఏం తెలుస్తుంది, 4/14 అనాలి, అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. నెట్‌లో అలాంటి నంబరే ఐపీ అడ్రస్: మధ్యమధ్య చుక్కలతో నాలుగు సంఖ్యలు, ఒక్కోటీ 0 నుంచి 255 లోపు. మనం కొట్టిన పేరుకి ఆ నంబరు వెతికి చెప్పేది డీఎన్ఎస్. ఆ రోజు అదే పలకలేదు, సర్వర్ నిక్షేపంలా ఉంది. రౌటర్‌లో డీఎన్ఎస్‌ని గూగుల్ వాళ్ల 8.8.8.8కి మార్చాను, ఐదు నిమిషాల్లో ఫీజు కట్టేసి వెళ్లారు. వైఫై గీతలంటారా, అవి ఫోనుకీ రౌటర్‌కీ మధ్య సంగతి, రౌటర్ అవతల వైరు తెగినా అవి అలాగే నిండుగా కనపడతాయి.

స్క్రీన్ మీద 404 అనే ఎర్రర్ నంబరు వస్తే కూడా సర్వర్ డౌనే అంటారు. అసలు ఆ 404 పంపింది సర్వరే కదా! నువ్వడిగిన పేజీ నా దగ్గర లేదు అని చెబుతోంది. తాకిడి తట్టుకోలేక చేతులెత్తేస్తే వచ్చేది సాధారణంగా 503.

ఇందాక చెప్పిన నాలుగు సంఖ్యల ఐపీ నంబర్లు పాత పద్ధతివి, మొత్తం కలిపి 430 కోట్ల లోపే. ప్రపంచమంతా పంచడానికి పై సంస్థ ఉంచుకున్న నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకే నా షాపులో ఆరు కంప్యూటర్లకీ లోపల 192.168తో మొదలయ్యే సొంత నంబర్లున్నా బయటికి కనపడేది ఒక్కటే నంబరు. ఒకే నంబరు నుంచి ఇన్ని అప్లికేషన్లేమిటని కొన్ని సైట్లకు అనుమానమొచ్చి, నువ్వు రోబోవా అని అడిగి ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరమంటాయి. పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్లకి మాత్రం ఒళ్లు మండుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం సైటు అడ్రస్ పక్కన హెచ్‌టీటీపీఎస్‌కి గుర్తుగా కనపడే ఆ తాళం. హెచ్‌టీటీపీఎస్ ఉందిగా, ఓటీపీ కొట్టేస్తా అంటారు. దారిలో ఎవరూ చదవలేరనే దాని అర్థం, అవతలివాడు మంచోడని కాదు. దొంగ సైటువాడికి కూడా ఆ తాళం పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఇది మీ పేపర్‌లో మొదటి పేజీలో వేయండి.

హెడ్డింగ్ పెట్టేముందు స్క్రీన్ మీద ఏం వచ్చిందో మీ విలేకరిని ఒక్కసారి అడగండి. 503 అయితే మీ ఇష్టం, సర్వర్ డౌన్ అనే రాసుకోండి.

- ఒక నెట్ సెంటర్ యజమాని, బ్రాడీపేట, గుంటూరు