చిన్న యుద్ధనౌకకు ముందు కావలసినవి చెవులు

సంపాదకులకు,

అయ్యా,

తూర్పు నౌకాదళంలో చేరుతున్న అర్ణాల తరగతి చిన్న యుద్ధనౌకల గురించి మీ పత్రికలో కొద్దిరోజులుగా వస్తున్న పాఠకుల అభిప్రాయాలను శ్రద్ధగా చదువుతున్నాను. 30 మిల్లీమీటర్ల తుపాకి తప్ప చెప్పుకోదగ్గ ఫిరంగి లేని దాన్ని యుద్ధనౌక అనడమే తప్పని ఒకరు రాశారు. ఆ డబ్బుతో ఇంకో డిస్ట్రాయర్ కట్టుకోవచ్చని మరొకరు అన్నారు. వీటికీ బ్రహ్మోస్ క్షిపణులు అమర్చాలని ఇంకొకరు కోరారు. నౌకాదళంలో పదిహేనేళ్ళు పనిచేసి, అందులో ఎక్కువ కాలం ఒక చిన్న నౌకలో, నీటి కింది చప్పుళ్ళను బట్టి జలాంతర్గాములను వెదికే సోనార్ పరికరం ముందు కూర్చున్నవాణ్ణి కనుక ఈ చర్చలో నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ముగ్గురూ డెక్ మీద కంటికి కనిపించే ఆయుధాలను లెక్కపెట్టారు గాని, ఆ నౌక ఏ నీళ్ళలో దేన్ని వెదుకుతూ తిరగాలో ఎవరూ అడగలేదు.

ఐఎన్ఎస్ అర్ణాల 2025 జూన్ 18న, ఐఎన్ఎస్ ఆండ్రోత్ అదే ఏడాది అక్టోబరు 6న మన విశాఖ డాక్‌యార్డులోనే నౌకాదళంలో చేరాయి. ఇలాంటి నౌకలు మొత్తం పదహారు. ఎనిమిదింటి నిర్మాణాన్ని కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ సంస్థకు, ఎనిమిదింటి నిర్మాణాన్ని కొచ్చిన్ షిప్‌యార్డుకు 2019 ఏప్రిల్‌లో అప్పగించారు. సుమారు 78 మీటర్ల పొడవుండే ఈ నౌకలు ప్రొపెల్లర్లతో కాక వాటర్‌జెట్లతో 25 నాట్ల వేగం వరకు నడుస్తాయి. తీరానికి దగ్గరగా, లోతు తక్కువగా ఉండే నీళ్ళలో జలాంతర్గాములను పసిగట్టి వాటిని, నీటి లోపల దూసుకెళ్ళి పేలే టార్పెడోలతోనూ రాకెట్లతోనూ కొట్టడం వీటికి అప్పగించిన పని. అంటే వీటి అసలు ఆయుధం నీటి అడుగున ఉంది. నౌక అడుగున బిగించిన సోనార్ ఒకటి కాగా, కావలసిన లోతుకు కేబుల్‌తో దించుకునే సోనార్ మరొకటి.

ఆ రెండో సోనార్ ఎంత అవసరమో బంగాళాఖాతంలో పనిచేసిన వారికి బాగా తెలుస్తుంది. నేను పనిచేసిన నౌక సోవియట్ యూనియన్‌లో కట్టినది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కూర్చుంటే మొదట వినిపించేది శత్రువు కాదు, రొయ్యలు. లోతు తక్కువ నీళ్ళలో కొన్ని జాతుల చిన్న రొయ్యలు కొండీలు టక్కున మూసే చప్పుడు తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు గంటల తరబడి వినిపిస్తూనే ఉంటుంది. దాని మీద ఫిషింగ్ హార్బర్ నుంచి బయలుదేరిన మరబోట్ల ఇంజన్ల మోత, దూరాన పోయే సరకు ఓడల గురగుర. వీటన్నింటి కింద, కుండలో నీళ్ళు కదిలినంత మెల్లగా వెళ్ళే జలాంతర్గామిని మేము వెదకాలి. పొద్దున బాగా పనిచేసిన సోనార్, ఎండెక్కి పైనీరు వేడెక్కేసరికి సగం గుడ్డిదయ్యేది. వేడి నీటిలో ధ్వని తిన్నగా పోకుండా కిందికి వంగిపోవడమే అందుకు కారణం. వానాకాలంలో గోదావరి, కృష్ణ, గంగ మోసుకొచ్చే మంచినీరు ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది. ఆ పొర కిందికి దిగి నక్కిన జలాంతర్గామి, పైనున్న నౌకకు ఒక పట్టాన అందదు. పొర దాటి కిందికి దించగలిగే సోనార్ ఆ రోజుల్లో మా నౌకకు ఉండి ఉంటే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 1971 డిసెంబరు 3-4 రాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదుక్కుంటూ వచ్చి, విశాఖ రేవు ముఖద్వారానికి దగ్గరలోనే సముద్రగర్భంలో పడి ఉంది. ఆ యుద్ధంలోనే డిసెంబరు 9న, జలాంతర్గాములను వేటాడటానికే కట్టిన మన ఐఎన్ఎస్ ఖుక్రీని డయ్యూకు దూరాన పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఖుక్రీ వద్ద జలాంతర్గామిని కొట్టే ఆయుధాలు ఉన్నాయి. కాని దాని సోనార్ వినగలిగిన దూరం కంటే హంగోర్ వినగలిగిన దూరం ఎక్కువ. వేటకు వెళ్ళిన నౌక, తాను వేటాడుతున్నదాని కంటే ముందుగా వినలేకపోయింది. నేను నౌకాదళంలో చేరిన కొత్తలో మాకు సోనార్ పాఠం చెప్పిన పెద్దాయన ఆ మృతుల సంఖ్య 194ను బోర్డు మీద రాసిన తరువాతే పాఠం మొదలుపెట్టేవారు.

చిన్న నౌకకు పెద్ద క్షిపణి పెట్టడం ఎప్పుడూ తప్పేనని నేను అనను. అదే డిసెంబరు 4 రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు కరాచీ మీద చేసిన దాడి ప్రపంచానికి తెలిసినదే, మనం ఏటా నౌకాదళ దినోత్సవం జరుపుకునేది అందుకే. అయితే ఆ పడవలు ఒంటరిగా పోలేదన్నది చాలామంది మరచిపోతున్నారు. జలాంతర్గాములతో పోరాడటానికి కట్టిన కిల్తాన్, కచ్చాల్ వాటికి తోడుగా వెళ్ళాయి. ఆ రెండూ అప్పట్లో ఇదే పేరుతో ఉన్న పాత అర్ణాల తరగతి నౌకలే. దాడి చేసే పని ఒకరిది, కాపు కాసే పని ఒకరిది. ఇప్పుడు కూడా శత్రు నౌకల మీద దాడికి ఉద్దేశించిన ఆరు కొత్త క్షిపణి నౌకలకు 2023 మార్చిలో రూ. 9,805 కోట్లతో కొచ్చిన్ షిప్‌యార్డుతో వేరే ఒప్పందం కుదిరింది. అర్ణాల మీద కూడా బ్రహ్మోస్ ఎక్కిస్తే, ఆ బరువుకూ ఆ స్థలానికీ సోనారో టార్పెడోలో దిగిపోవాలి. అన్ని పనులూ ఒకే చిన్న నౌకతో చేయించాలని అమెరికా కట్టించిన లిటోరల్ (తీరప్రాంత) యుద్ధనౌకలలో ఒకటి అయిదేళ్ళు కూడా నిండకుండానే సేవ నుంచి వైదొలగింది.

డిస్ట్రాయర్ కట్టుకోవచ్చన్న పాఠకునికి ఒక్క మాట. ఐఎన్ఎస్ విశాఖపట్నం 7,400 టన్నుల గొప్ప నౌక, దాని పని దానికుంది. కాని అది ఒకేసారి పారాదీప్ దగ్గరా, కాకినాడ దగ్గర చమురు వేదికల దగ్గరా, చెన్నై దగ్గరా ఉండలేదు.

ఇంతవరకు ఈ నౌకలను సమర్థించిన నేనే ఇప్పుడు ఒక లోపం గురించి గట్టిగా చెప్పాలి. గగనతలం నుంచీ, పేలుడు పదార్థాలు నింపుకొని నీటి మీద దూసుకొచ్చే మానవరహిత పడవల నుంచీ తమను తాము కాపాడుకునే శక్తి మన చిన్న నౌకలకు చాలదు. ఇక్కడే చేరిన కమోర్తా తరగతి నౌకలు నాలుగూ 2014 నుంచి 2020 వరకు ఒక్కొక్కటిగా వచ్చాయి. మూడు వేల టన్నులు దాటిన ఆ మంచి నౌకలు విమానాలను కూల్చే క్షిపణులు లేకుండానే సేవలోకి ప్రవేశించాయి. తరువాత అమర్చుకోవచ్చని అనుకున్న ఆయుధం కోసం నౌక ఏళ్ళ తరబడి ఎదురుచూడటం ఏ నావికుడికీ మింగుడుపడే విషయం కాదు. 2024 ఫిబ్రవరి 1 తెల్లవారేలోపు, క్రిమియా తీరంలో రష్యా క్షిపణి నౌక ఇవనోవెత్స్‌ను ఉక్రెయిన్ మానవరహిత పడవలు ముంచేశాయి. ఆ నౌక మన వీర్ తరగతి క్షిపణి నౌకల కుటుంబానికి చెందినదే. దూరంగా ఉన్న పెద్ద నౌకలను ముంచగల నాలుగు భారీ క్షిపణులు దాని మీద ఉన్నాయి, చీకట్లో పక్కకు వచ్చేసిన చిన్న పడవల ముందు అవి ఎందుకూ కొరగాలేదు. మన తీరంలో ఈ ప్రమాదం ఇంకా క్లిష్టం. రాత్రిపూట లైట్లు పెట్టుకొని వలలు వేసే వందల మరబోట్ల మధ్య ప్రమాదకరమైన పడవ ఏదో, మన జాలరి బోటు ఏదో క్షణాల్లో తేల్చుకోవాలి.

అందువల్ల రక్షణ మంత్రిత్వ శాఖకు మీ ద్వారా నా విజ్ఞప్తి. పదహారింటిలో ఇంకా చేరవలసిన ప్రతి నౌకకూ, చీకట్లో చిన్న పడవనూ డ్రోన్‌నూ గుర్తుపట్టే కెమెరాలను, వాటిని దగ్గరలోనే ఆపగల తుపాకులను, భుజం మీద నుంచి పేల్చే విమాన విధ్వంసక క్షిపణులను నౌకాదళంలో చేరే రోజుకే సమకూర్చాలి. ఇప్పటికే చేరిన వాటికి తొలి మరమ్మతులకు డాక్‌యార్డుకు వచ్చినప్పుడే ఈ ఏర్పాటు చేయాలి. ఏ నౌక ఏ పరికరం లేకుండా చేరిందో, అది ఎప్పటికి అమరుతుందో రక్షణ శాఖకు చెందిన పార్లమెంటు స్థాయీ సంఘం ప్రతి ఏటా అడిగి తెలుసుకోవాలి. విశాఖ, శ్రీకాకుళం ఎంపీలు ఈ ప్రశ్నను ఈ సమావేశాల్లోనే లేవనెత్తాలని కోరుతున్నాను. ఆ నౌకల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకొని కూర్చునే కుర్రాళ్ళలో చాలామంది వారి నియోజకవర్గాల పిల్లలే.

ఇట్లు,
ఒక విశ్రాంత నావికుడు,
మల్కాపురం, విశాఖపట్నం