ఇజ్రాయెల్ రాక్: ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

సంపాదకులకు నమస్కారం.

ఇజ్రాయెల్ రాక్ సంగీతం వినాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ మీ ఆదివారం సంచికలో ఒక పాఠకుడు రాశారు. చాలా ఏళ్లుగా ఆ పాటలు వింటున్నదాన్ని కాబట్టి నాకు తోచిన వరుస చెబుతాను.

ఎవరిని అడిగినా ముందుగా చెప్పేది 'కవెరెత్' బృందం 1973లో తెచ్చిన 'సిపురే పూగీ'. తేనెపట్టు అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్న ఈ ఏడుగురూ మరుసటి ఏడాది యూరోవిజన్ అనే అంతర్జాతీయ పాటల పోటీలో తమ దేశం తరఫున పాడి ఏడో స్థానం పొందారు. ఆల్బమ్ గొప్పదే. అయినా హీబ్రూ రానివారికి దాన్ని మొదట వినిపించకూడదని నా గట్టి అభిప్రాయం. అందులోని సొగసులో సగం బృంద సభ్యుడు డానీ శాండర్సన్ మాటల చమత్కారంలోనే ఉంది, అర్థం చెప్పకుండా శ్లేష పద్యం చదివితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

దానికి బదులు 'తమ్ముజ్' బృందం 1976 నాటి 'సోఫ్ ఓనత్ హతపూజీమ్', అంటే 'నారింజల కాలం ముగింపు', తీసుకోమంటాను. షాలోమ్ హనోఖ్, ఆరియెల్ జిల్బర్ ఉన్న ఆ బృందానికి నిర్మాత లూయీ లహావ్. అంతకుముందు అమెరికాలో రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తొలి ఆల్బమ్‌లకు సౌండ్ ఇంజినీరుగా పనిచేసిన ఆయన చేతి పనితనం గిటార్ల బిగువులో తెలుస్తుంది. వినేటప్పుడు చరణాల చివరలు గమనించండి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక గాయకుడు చివరి అక్షరాన్ని ఎంతసేపైనా సాగదీయగలడు. హీబ్రూలో చాలా మాటలు హల్లుతో ముగియడమే కాక ఊనిక కూడా ఎక్కువగా చివరి అక్షరం మీదే పడుతుంది, అందుకే పాదం ముగిసినచోట డ్రమ్ దెబ్బ పడినట్టుంటుంది. ఆ భాషకు రాక్ అంత సహజంగా అమరడానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను.

తర్వాత హనోఖ్ 1985లో ఒంటరిగా చేసిన 'మెహకీమ్ లెమషీయఖ్', అంటే 'రక్షకుడి కోసం ఎదురుచూపు'. దాని శీర్షిక గీతం వెనక 1983లో ఆ దేశపు బ్యాంకు షేర్లు కుప్పకూలిన సంఘటన ఉంది.

నా మనసుకు అన్నిటికంటే దగ్గరైనది 1987లో 'ఎహూద్ బనాయ్, హప్లితీమ్' (ఎహూద్ బనాయ్, శరణార్థులు) పేరుతో వచ్చిన ఆల్బమ్. ఇరాన్‌లోని షిరాజ్ మూలాలున్న కుటుంబంలో పుట్టిన బనాయ్ గొంతులో తూర్పు బాణీ పలుకుతుంది, యోసీ ఎలిఫెంట్ గిటారు దాన్ని వెంటాడుతుంది. అందులోని 'అవోదా ష్హోరా'కు మాటకు మాట 'నల్ల పని' అని అర్థం. వాడుకలో అది ఎవరూ ఇష్టపడని చాకిరీ. ఆ సంగతి తెలియకముందే పాటలోని బరువు నాకు తెలిసింది.

మెటల్ అనే గట్టి రాక్ ఇష్టపడేవారు 'ఆర్ఫన్డ్ లాండ్' బృందం 2004 నాటి 'మబూల్' వినవచ్చు.

ఇవన్నీ విన్నాక, పాటల అర్థాలు పక్కన పెట్టుకుని, 'సిపురే పూగీ'కి రండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయవాడ