కూలీ చీటీ, కూర రాయి

ప్రియమైన రాఘవకు,

మారిషస్ వెళ్లినవాడు సముద్రం గురించి రాస్తాడని ఎదురుచూస్తూ ఉంటావు గానీ, నేను ఒక సన్నికల్లు దగ్గరే ఆగిపోయాను.

మొదట పోర్ట్ లూయీలో వలస కూలీలు ఓడ దిగిన రేవు, ఆప్రవాసీ ఘాట్ చూశాను. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు రావడంతో మొదలైన ఆ వలసలో, తరువాతి కాలంలో లక్షలమంది ఎక్కిన 16 రాతి మెట్లు అక్కడ ఉన్నాయి. మీ తాళ్ళరేవు పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి ఓడెక్కిన మనవాళ్లను ఇక్కడ 'కోరంగీలు' అనేవారట. మనం మడ అడవిలో పడవ షికారుకు వెళ్లినప్పుడు ఈ సంగతి మనకెవరూ చెప్పలేదు!

ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం, కొలిచి ఇచ్చే బియ్యమూ పప్పూ, ఇదీ వాళ్ల బతుకు. ఒప్పందం తీరినవాళ్లు సైతం ఫోటో అంటించిన చీటీని వెంట ఉంచుకొని తిరగాలని 1867లో చట్టం చేశారు. చీటీ లేకుండా పోలీసుల కంటబడితే జైలే. అలాంటి ఫోటోల్లోని ముఖాలను నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలో వలస జానపద మ్యూజియం ఉంది. అక్కడి వంటసామాను, నగలు, వాయిద్యాలు చూసి బసకు తిరిగివస్తే, ఇంటావిడ పెరట్లో నల్లరాతిపై ఎండుమిర్చి, ధనియాలు నూరుతూ కనిపించారు. దాన్ని ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో 'రోష్ కారీ', అంటే కూర రాయి అంటారు. పొత్రాన్ని 'బాబా', అంటే పసిబిడ్డ అంటారు. నాకు ఆ పేరు తెగ నచ్చింది. ఇది మనవాళ్లు మూటగట్టి తెచ్చుకున్న రాయి కాదు, ఈ దీవిలోని అగ్నిపర్వతపు రాతినే చెక్కి చేసుకున్నది. చీటీ దొరతనం ఇచ్చినది, ఈ రాయి మాత్రం కారం లేనిదే ముద్ద దిగనివాళ్లు తమకోసం తాము చేసుకున్నది. నా మటుకు నేను మ్యూజియంలో ముందు దీన్నే పెడతాను.

ఆవిడ రాయి నడుమ చెయ్యి పట్టేంత గుంట పడింది. మనవైపు రాళ్లు కూడా ఇలాగే అరుగుతాయా అని అడిగారు. మీ అమ్మగారి సన్నికల్లు ఇంకా పెరట్లోనే ఉంటే, పొత్రంతో సహా ఒక ఫోటో తీసి పంపించు. చూపిస్తానని మాటిచ్చాను.

ఇట్లు,
నీ మూర్తి