ఈ-స్పోర్ట్స్ ఆటగాళ్లపై దూషణలను అరికట్టాలి

ఈ-స్పోర్ట్స్, అంటే వీడియో గేమ్ పోటీల్లో ఓడిన ఆటగాళ్లను ప్రత్యర్థి జట్టు అభిమానులే కాక సొంత అభిమానులు కూడా బూతులతో వేధించడం నానాటికీ శ్రుతి మించుతోంది. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో మన తెలుగు కుర్రాళ్లు పొద్దుపోయేదాకా గుంపుగా కూర్చుని బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే మొబైల్ షూటింగ్ ఆట పోటీలు చూడటం నేను తరచూ గమనిస్తున్నాను. ఆట ముగింపులో సురక్షిత ప్రాంతం కుంచించుకుపోయి మిగిలే చివరి వలయంలో ఒక ఆటగాడు విసిరిన గ్రెనేడ్ గురి తప్పితే చాలు, తర్వాతి మ్యాచ్ మొదలయ్యేలోపే ప్రత్యక్ష ప్రసారం పక్కనుండే చాట్ అతడి తల్లినీ అక్కచెల్లెళ్లనూ తిట్టే వ్యాఖ్యలతో నిండిపోతుంది. వాటిలో చదవడానికే సిగ్గేసే తెలుగు బూతులు తక్కువేమీ కావు. 16 జట్లు తలపడే పోటీలో గెలిచేది ఒక్కటేనన్న సంగతి ఆ ఆవేశంలో ఎవరికీ పట్టదు. గంటల తరబడి సాధన చేసే ఈ యువకులు ఏ ఫోన్‌లో ఆడతారో అదే ఫోన్‌లో ఆ తిట్లు చదువుకుని మర్నాడు మళ్లీ బరిలోకి దిగాలి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాంశంగా చేరి, 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో మన దేశంలో గుర్తింపు పొందిన క్రీడకు ఆటగాళ్ల రక్షణ నిబంధనలు కూడా ఉండాలి. నిర్వాహకులు వెంటనే తెలుగు, కన్నడ, తమిళ, హిందీ బూతులను పసిగట్టి తొలగించగల మోడరేటర్లను (చాట్ పర్యవేక్షకులను) నియమించాలి, కుటుంబ సభ్యులను దూషించిన ఖాతాలను సీజన్ ముగిసేవరకు నిషేధించాలి. జట్ల యాజమాన్యాలు పోటీలు జరిగే రోజుల్లో ఆటగాళ్ల సామాజిక మాధ్యమ ఖాతాలను తామే చూసుకుంటూ, మానసిక నిపుణులను అందుబాటులో ఉంచాలి.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు